తలంటులో నూనె, అభిషేకంలో నీళ్ళు

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో అక్షరం ముక్క రాని అవ్వలకు కూడా కంఠతా వచ్చే భాగం ఇరవై మూడో కీర్తన. "యెహోవా నా కాపరి" అని మొదలయ్యే ఆ కీర్తన ఐదో వచనంలో "నూనెతో నా తల అంటియున్నావు" అని ఉంటుంది. ఇంగ్లీషు బైబిల్లో అక్కడున్న మాట 'అనాయింట్'. సమూయేలు ప్రవక్త సౌలును రాజుగా చేసిన చోటా అదే మాట, గొర్రెలు కాసుకుంటున్న దావీదును పిలిపించి రాజుగా ఏర్పరచిన చోటా అదే మాట. తెలుగులో మాత్రం రాజుల దగ్గర అభిషేకం అంటారు, కీర్తనలో తలంటు అంటారు.

అనువాదకులు ఏదో తోచినట్టు రాసిన తేడా కాదిది. హీబ్రూ మూలంలోనే ఇవి రెండు వేర్వేరు క్రియలు. కీర్తనలోది జిడ్డు పట్టించడం, కొవ్వెక్కించడం అనే అర్థమున్న క్రియ. ఎండలో నడిచి వచ్చిన అతిథికి తలకు నూనె రాయడం ఆ దేశంలో మర్యాద. కాళ్ళకు నీళ్ళిచ్చి, తలకు నూనె రాసి, అప్పుడు భోజనం పెడతారు. అందుకే ఆ వచనంలో నూనె పక్కనే భోజనమూ, నిండి పొర్లే గిన్నే ఉన్నాయి. రాజులకూ యాజకులకూ వాడేది 'మాషఖ్' అనే వేరే క్రియ.

కొత్త నిబంధన గ్రీకులోనూ ఇలాగే రెండున్నాయి. ఒంటికి నూనె రాసుకోవడానికి, రోగికి రాయడానికి, శవానికి సుగంధం పూయడానికి 'అలైఫో' అంటారు. దేవుడు ఒకణ్ణి పనికి ఏర్పరచుకోవడానికి 'ఖ్రియో' అంటారు. ఉపవాసం ఉన్నప్పుడు దిగాలుగా కనపడకుండా "నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము" అని యేసు చెప్పిన చోట ఉన్నది మొదటిది. విందుకు పిలిచిన పరిసయ్యుడితో నువ్వు నూనెతో నా తల అంటలేదు, ఈమె మాత్రం నా పాదాలకు అత్తరు పూసింది అన్న చోటా అదే. సంఘపెద్దలు రోగికి "నూనె రాచి" ప్రార్థన చేయాలని యాకోబు పత్రికలో ఉన్నదీ అదే. తెలుగు అనువాదకులు వీటిలో ఒక్కచోట కూడా అభిషేకం అనలేదు. అంటడం, పూయడం, రాయడం అని ఇంటి మాటలే వాడారు. ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు అన్నిటినీ ఒకే మాటలో వేసి కలిపేశాయి. ఆ ఇంగ్లీషును పట్టుకుని అనాయింట్ అంటే అభిషేకం, అభిషేకం అంటే అనాయింట్ అని రెండువైపులా సమానం గుర్తు పెట్టేసుకుంటే అసలు చిక్కు మొదలవుతుంది.

ఎందుకంటే సంస్కృతంలో అభిషేకం అనే మాటకూ నూనెకూ ఏ సంబంధమూ లేదు.

పోసేది ఒకటి, పూసేది ఒకటి

అభిషేకంలో ఉన్నది 'సిచ్' ధాతువు. కారడం, చిలకరించడం, తడపడం దాని అర్థం. రక్తసిక్తం అంటాం కదా, ఆ సిక్తం ఇదే. మొక్కకు నీళ్ళు పోయడం సేచనం. ముందు 'అభి' అనే ఉపసర్గ చేరేసరికి పాణిని నియమం ప్రకారం 'స' కాస్తా 'ష' అయింది, చివరి 'చ' 'క' అయింది, అభిషేకం తయారైంది. మీద పోయడం అని అర్థం. దేన్ని పోయాలో ఆ మాట చెప్పదు. అయితే వేదకాలం నుంచీ పోసింది ప్రధానంగా నీళ్ళు.

ఎలాంటి నీళ్ళు అన్నది యజ్ఞాల తీరు చెప్పే వైదిక గ్రంథం శతపథ బ్రాహ్మణం విడమరిచి చెబుతుంది. రాజసూయ యాగంలో అభిషేచనీయం అనే రోజు కోసం పదిహేడు రకాల నీళ్ళు సేకరించాలి. సరస్వతీ నది నీళ్ళతో మొదలు. ఏట్లోకి మనిషో పశువో దిగితే ముందు లేచే అల ఒకటి, వెనక లేచేది ఒకటి. సముద్రపు నీళ్ళు, సుడిగుండంలోవి, ఎప్పుడూ ఎండ పడే మడుగులోవి, చెరువువి, బావివి, మంచు బిందువులు. మన పిల్లలు నక్కలపెళ్ళి అని కేకలు వేసే ఎండావాన ఉందే, ఆ నీళ్ళు కూడా కావాలి, అదీ నేల మీద పడకముందే పట్టాలి. తేనె, ఈనుతున్న ఆవు ఉమ్మనీరు, పాలు, నెయ్యి కూడా ఆ పదిహేడులో ఉన్నాయి. వాటన్నిటినీ 'నీళ్ళు' కిందే లెక్కగట్టారు. నువ్వుల నూనె లేదు.

పోసే పాత్రలు నాలుగు. మోదుగ చెక్కతో చేసిన దానితో బ్రాహ్మణుడు పోస్తాడు, మేడి చెక్కదానితో రాజు సొంత మనిషి, మర్రిదానితో స్నేహితుడైన మరో రాజన్యుడు, రావిదానితో వైశ్యుడు. నలుగురూ నాలుగు చెట్ల పాత్రలతో తలో చెంబూ పోస్తేనే అతను రాజు. ఆ తర్వాత ఒంటి మీద పడిన నీళ్ళను కృష్ణజింక కొమ్ముతో తానే ఒంటికి పులుముకుంటాడు. అంటే పోయడం అయ్యాక పూయడమూ ఉంది. కానీ క్రతువుకు పేరు మాత్రం పోయడం మీదే నిలిచింది. నెత్తిన పోయించుకున్నవాడే రాజు అన్న భావన ఎంత గట్టిపడిందంటే, అమరకోశం క్షత్రియుడికి పర్యాయపదాలు చెబుతూ మొదటే 'మూర్ధాభిషిక్తుడు' అంటుంది. మూర్ధం అంటే తల. రామాయణం చివర్లో రాముడికోసం వానరులు నాలుగు సముద్రాల నుంచీ, ఐదు వందల నదుల నుంచీ కుండలతో తెచ్చినవి కూడా నీళ్ళే.

పట్టాభిషేకంలో 'పట్టం' సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తే మంచిది, ఎందుకంటే చాలామంది దాన్ని సింహాసనం అనుకుంటారు. పట్టం అంటే నుదుటికి కట్టే పట్టీ. బట్టతోనో బంగారు రేకుతోనో చేసేవారు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికి విడిగా ఒక అధ్యాయమే రాశాడు. రాజు పట్టానికి ఐదు శిఖలు అంటే కొనలు, యువరాజుకూ పట్టపురాణికీ మూడేసి, సేనాపతికి ఒకటి అని కొలతలతో సహా. అందుకే తెలుగులో పట్టం 'కడతారు', ఎక్కించరు. ఎన్నికల ఫలితాల రోజు "ఓటర్లు పట్టం కట్టారు" అని హెడ్డింగ్ పెట్టే సబ్‌ఎడిటర్‌కు తెలియకపోయినా, క్రియ మాత్రం సరిగ్గా పడుతుంది. శాసనం చెక్కే పలకనూ పట్టమే అన్నారు కాబట్టి భూమి పట్టా, డిగ్రీ పట్టా, పట్టభద్రుడు అన్నీ ఆ వంశంవే. మొత్తానికి పట్టాభిషేకం అంటే రెండు పనులు, కట్టడమూ పోయడమూ. కిరీటం పెట్టడం అందులో లేదు.

ఇక పూయడానికి సంస్కృతంలో ఉన్న ధాతువు 'అంజ్'. కంటికి పెట్టే అంజనం దీనిలోంచే వచ్చింది. ఏ మరకా అంటనివాడు నిరంజనుడు. ఒంటికి నూనె పట్టించడం అభ్యంజనం, అభ్యంగం. అభ్యంగన స్నానంలో 'అంగం' అంటే శరీరమనీ, అంగాంగానికీ నూనె రాస్తారు కాబట్టి ఆ పేరనీ పంచాంగాల్లో, టీవీ కార్యక్రమాల్లో తరచూ చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది కానీ వ్యుత్పత్తి అది కాదు. త్యజ్ నుంచి త్యాగం, యుజ్ నుంచి యోగం, భుజ్ నుంచి భోగం వచ్చినట్టే అంజ్ నుంచి 'అంగ' వచ్చింది. చివరి 'జ' 'గ' అయింది, అంతే. సిచ్‌లో 'చ' 'క' అయి సేకం అయినదీ ఇదే సూత్రంతో. అభిషేకమూ అభ్యంగమూ ఒకే అచ్చులో పోసిన రెండు మాటలు. ఉపసర్గ అదే, ప్రత్యయం అదే, ధాతువు ఒక్కటే వేరు. మీద పోయడం అభిషేకం, మీద పూయడం అభ్యంగం.

ఈ అంజ్ ధాతువు సంతానం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దానికి పూయడంతో పాటు వెల్లడి చేయడం, మెరవడం అనే అర్థాలు కూడా సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో ఉన్నాయి. 'వి' చేరి వ్యక్తం అయింది. వ్యక్తి, అభివ్యక్తి, వ్యంజనం అందులోంచే. అంటే ఎవరో ఒక వ్యక్తి అన్నప్పుడల్లా మనం పూత మాటే పలుకుతున్నాం. ఇంకా దూరం వెళితే, లాటిన్‌లో నూనె పూయడానికి ఉన్న 'ఉంగ్వెరె' ఈ అంజ్‌కు అక్కచెల్లెలు వరస. రెండూ ఒకే ఆదిమ ఇండో యూరోపియన్ మూలం నుంచి వచ్చాయి. లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళి 'అనాయింట్' అయింది, మన మెడికల్ షాపులో అడిగే ఆయింట్‌మెంట్ కూడా అయింది. కాబట్టి అనాయింట్‌కు సంస్కృతంలో రక్తసంబంధం ఉన్న మాట కావాలంటే అది అభ్యంగనం. అభిషేకం కానే కాదు.

ఈ రెండు ధాతువులూ పక్కపక్కనే నిలబడి పనిచేసే చోటు ఐతరేయ బ్రాహ్మణం మొదట్లో ఉంది. సోమయాగానికి దీక్ష తీసుకునేవాణ్ణి ఋత్విక్కులు మళ్ళీ గర్భస్థ శిశువుగా మారుస్తారు అంటుంది ఆ గ్రంథం. ఎలా అంటే, మొదట అతన్ని నీళ్ళతో అభిషేకిస్తారు, అక్కడ సిచ్. తర్వాత వెన్నతో పూస్తారు, అక్కడ అంజ్. ఆ తర్వాత కళ్ళకు కాటుక పెడతారు, మళ్ళీ అంజ్. వెన్నే ఎందుకు, నెయ్యి ఎందుకు కాదు అన్నదానికీ సమాధానం ఉంది. నెయ్యి మనుషులది, వెన్న గర్భంలోని పిల్లలది అట. బాలింత ఉన్న ఏ తెలుగింట్లోనైనా పొద్దున్నే జరిగేది కాస్త ముందువెనకలుగా ఇదే. కాళ్ళు చాపుకున్న అమ్మమ్మ పిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాస్తుంది, మాడు మీద నాలుగు చుక్కలు అద్ది, చెంబుతో నీళ్ళు పోస్తుంది, తుడిచి సాంబ్రాణి పట్టి, కాటుక దిద్దుతుంది. యాగశాలలో మంత్రాలు చదివి చేసిన పని పెద్దమనిషికి పసిపిల్ల స్నానం చేయించడమే. పోయడమూ పూయడమూ రెండూ ఉంటేనే ఆ స్నానం పూర్తవుతుంది.

ఆయుర్వేదం అభ్యంగాన్ని ఆరోగ్యానికి తీసుకుంది. రోజూ చేసుకోవాలనీ, ముదిమినీ అలసటనూ వాతాన్నీ పోగొడుతుందనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. రోజూ కుదరనివాళ్ళు తల, చెవులు, పాదాలు మాత్రం మరవొద్దన్నట్టు వాటిని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. అందులో పదవి లేదు, రాజ్యం లేదు. ఉన్నదల్లా ఒళ్ళు.

మెస్సీయ, క్రీస్తు, మసీహ్

ఇప్పుడు హీబ్రూ మాషఖ్ దగ్గరికి వద్దాం. మొదట్లో దానికి పవిత్రత అంటూ ఏమీ లేదు. పులియని పలుచని రొట్టెలకు నూనె రాయడానికి ఆ క్రియే వాడారు. యుద్ధానికి ముందు తోలు డాళ్ళకు చమురు పట్టించడానికీ అదే. యిర్మీయా గ్రంథంలో ఒక రాజు ఇల్లు కట్టుకుని గోడలకు ఇంగిలీకం రంగు వేయించుకున్నాడని తిట్టిన చోట ఆ రంగు వేయడానికి కూడా అదే క్రియ. మన 'పూయు' ఎలాంటిదో అదీ అలాంటిదే.

దాని తలరాత మార్చింది నూనె. నిర్గమకాండంలో ఆ నూనె తయారీ ఉంది. బోళం ఐదు వందల తులాలు, దాల్చినచెక్క జాతిది రెండు వందల యాభై, సువాసన గల గడ్డి మరో రెండు వందల యాభై, లవంగిపట్ట ఐదు వందలు, వీటికి తగినంత ఒలీవ నూనె. దాన్ని గుడారానికి, పాత్రలకు, యాజకులకు పూశారు. మామూలు మనిషి ఒంటికి రాయకూడదు, ఇంట్లో అలాంటిది కలపకూడదు అని నిషేధం పెట్టారు. అప్పటినుంచీ ఆ నూనె పూయించుకున్నవాడు మామూలువాడు కాడు. పూయబడినవాడికి హీబ్రూలో 'మాషియఖ్' అని పేరు. మనం మెస్సీయ అంటున్నది అదే. సౌలు తనను చంపడానికి తరుముతున్నా, చేతికి చిక్కినప్పుడు కూడా దావీదు అతణ్ణి చంపలేదు. యెహోవా అభిషేకించినవాడి మీద చెయ్యెత్తను అన్నాడు. రాజు పేరు చెప్పకుండా 'నూనె పూసినవాడు' అంటే చాలు. అటు యెరూషలేములో నూనె, ఇటు మన దగ్గర మూర్ధాభిషిక్తుడు. రెండు చోట్లా రాజంటే తల తడిసినవాడే.

ఆ బిరుదు యూదులకే పరిమితం కాలేదన్నది చాలామంది గమనించరు. యెషయా గ్రంథం 45వ అధ్యాయం మొదట్లోనే పారసీక చక్రవర్తి కోరెషును (ఇంగ్లీషులో సైరస్) దేవుడు అభిషేకించినవాడు అంటుంది. అతని తల మీద ఏ ప్రవక్తా నూనె పోయలేదు. బబులోను చెరలో ఉన్న యూదులను ఇంటికి పంపినవాడు అతను. అంటే అప్పటికే ఆ మాటలో నూనె ఆవిరై, దేవుడు ఒక పనికి ఎంచుకున్నవాడు అన్న అర్థం ఒక్కటే మిగిలింది.

హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి మార్చినప్పుడు మాషియఖ్‌కు 'ఖ్రిస్తోస్' అని పెట్టారు. మామూలు గ్రీకు పాఠకుడికి ఆ మాట వింతగా తోచి ఉంటుంది. అతని భాషలో అది ఒంటికి పూసే మందుకు వాడే విశేషణం. అదే లాటిన్‌లో క్రిస్తుస్, మనకు క్రీస్తు. యేసుకు ఇంటిపేరులా వినపడే ఆ మాట నిజానికి బిరుదు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో తెలుగు బైబిల్ ఆగి మరీ మెస్సీయ అనే మాటకు "అభిషిక్తుడని అర్థము" అని చెబుతుంది. పూసే పవిత్ర తైలానికి గ్రీకులో 'ఖ్రిస్మ' అని పేరు. అది పాత ఫ్రెంచిలో మరో మాటతో కలిసిపోయి ఇంగ్లీషు 'క్రీమ్'లో తేలింది. ఐస్‌క్రీమ్ తింటూ దీన్ని తలచుకోనక్కర్లేదు కానీ సంగతి నిజం.

అరబ్బీలో అదే ధాతువు మీమ్, సీన్, హా అనే మూడక్షరాలుగా ఉంది. తుడవడం, చేత్తో నిమరడం దాని అర్థం. ఖురాన్‌లో ఈసాకు, అంటే యేసుకు, 'అల్ మసీహ్' అని పేరు. నమాజుకు ముందు వజూ చేసుకునేటప్పుడు తడి చేత్తో తల నిమురుకోవడాన్ని 'మసహ్' అంటారు, అదీ ఈ ధాతువే. ఉర్దూలో మసీహా అంటే ఆదుకునేవాడు. హైదరాబాదులో పేదల డాక్టరును "గరీబోంకా మసీహా" అంటారు. అక్కడ నూనె లేదు, రాజ్యమూ లేదు. మిగిలింది చేతి స్పర్శ, దానితో నయమవుతుందన్న నమ్మకం.

మరి తెలుగు అనువాదకులు మాషఖ్‌కు అభిషేకం అని ఎందుకు పెట్టినట్టు? నిఘంటువు ప్రకారం పోతే అభ్యంజితుడు అనాలి. అంటే తలంటించుకున్నవాడు. ఆ మాట విని ఏ తెలుగువాడూ రాజును ఊహించడు, దీపావళి పొద్దున పీట మీద కూర్చున్న పిల్లాణ్ణి ఊహిస్తాడు. అభిషిక్తుడు అనగానే మాత్రం రాజ్యం, పదవి, దేవుడి ఆమోదం మూడూ ఒకేసారి తడతాయి. ద్రవం మారినా, పని మారినా, ఫలితం అదే. ఆ ఫలితాన్ని పట్టుకుని మాట ఎంచుకున్నారు. నా దృష్టిలో అది చాలా తెలివైన నిర్ణయం. అక్షరార్థానికి కట్టుబడి ఉంటే చదివేవాడికి సంగతి చేరేది కాదు. పైగా సౌలు విషయంలో సమూయేలు బుడ్డిలోని నూనెను తల మీద పోశాడనే ఉంది. పోయడం వాళ్ళకూ కొత్త కాదు. ఆ ఎంపికతో 'అభిషేక తైలం' అనే కొత్త జంట తెలుగులోకి వచ్చింది. తైలం అంటే తిలల నుంచి తీసినది, నువ్వుల నూనె. నూనె అన్నా నువ్వుల నెయ్యే. కాబట్టి ఒలీవ తైలం అన్నప్పుడు ఒలీవల నుంచి తీసిన నువ్వుల నూనె అంటున్నాం. ఇలాంటి వాటిని భాష పట్టించుకోదు.

ద్రవం పోయి శక్తి మిగిలింది

ఇప్పుడు పెంతెకొస్తు సంఘాల్లో అభిషేకం అనే మాటకు నూనె కూడా అవసరం లేదు. "ఆ దైవజనుడి మీద అభిషేకం ఉంది" అంటే పరిశుద్ధాత్మ శక్తి ఉందని. పాటలో అభిషేకం, ప్రసంగంలో అభిషేకం అంటారు. ఇది ఊరికే సాగదీసిన వాడుక కాదు. ఆత్మను 'కుమ్మరిస్తాను' అని యోవేలు ప్రవక్త గ్రంథంలో ఉంది. కుమ్మరించడమంటే పోయడమే కాబట్టి సంస్కృత ధాతువు అనుకోకుండా ఇక్కడ మూలానికి దగ్గరగా వచ్చింది.

సరిగ్గా ఇదే దారిలో బౌద్ధులు ఇంకా ముందు నడిచారు. బౌద్ధంలో తాంత్రిక శాఖ అయిన వజ్రయానంలో గురువు శిష్యుడికి సాధన చేసే అర్హత ఇవ్వడాన్ని అభిషేకం అంటారు. టిబెట్టువాళ్ళు దీన్ని తమ భాషలోకి మార్చుకున్నప్పుడు నీళ్ళను వదిలేసి 'వాంగ్' అన్నారు. ఆ మాటకు అధికారం, శక్తి అని అర్థం. 2006 జనవరిలో దలైలామా మన అమరావతిలో కాలచక్ర అభిషేకం ఇచ్చారు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెట్టు సంప్రదాయం నమ్ముతుంది, ఆ ధాన్యకటకం మన ధరణికోట, అమరావతి ప్రాంతమే. కాలచక్రంలో మొదటి ఏడు అభిషేకాలనూ పసితనంతో పోలుస్తారు. మొదటిది ఉదకాభిషేకం, తల్లి బిడ్డకు తొలిసారి నీళ్ళు పోయడంలాంటిది. తర్వాత మకుటం, పిల్లకు జుట్టు ముడి వేయడం. మూడోది పట్టాభిషేకం, నిజంగానే పట్టు పట్టీతో, చెవులు కుట్టించడానికి సమానం. ఆ తర్వాత వరసలో పేరు పెట్టడం కూడా ఉంది. యాగదీక్షలో శిశువుగా మారిన యజమాని, కాలచక్ర మండలంలోకి శిశువుగా అడుగుపెట్టిన శిష్యుడు. వేదాన్ని కాదన్నవాళ్ళు కూడా స్నానాన్ని మాత్రం ఉంచుకున్నారు.

గుళ్ళలో సంగతి వేరు. అక్కడ ద్రవం ఇంకా ద్రవంగానే ఉంది. పోయడమూ పూయడమూ కూడా దేనిపేరు దానికే ఉన్నాయి. తిరుమలలో మూలవిరాట్టుకు ప్రతి శుక్రవారం అభిషేకం జరుగుతుంది, అయ్యాక పునుగు తైలం పూస్తారు. పునుగు పిల్లి గ్రంథి నుంచి వచ్చే సువాసన పదార్థం అది. సింహాచలంలో అక్షయ తృతీయ నాడు ఏడాదిగా ఉన్న చందనపు పూత తీస్తారు, నిజరూప దర్శనం అవుతుంది, రాత్రికి సహస్ర ఘటాభిషేకం, మళ్ళీ మూడు మణుగుల చందనం పూత. పోయడానికి అభిషేకం, పూయడానికి సమర్పణ అంటారు, ఎవరూ కలిపేసుకోరు. చిలకరించడానికి ఇంకో మాట ఉంది, ప్రోక్షణ. 2022 మార్చి 28న యాదాద్రి తిరిగి తెరిచినప్పుడు జరిగినది మహాకుంభ సంప్రోక్షణ. శివాలయాల్లో అదే సందర్భాన్ని కుంభాభిషేకం అనడం ఎక్కువ.

పునుగు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2023 మే 6న లండన్‌లో మూడో చార్లెస్‌ను రాజుగా చేసే వేడుకలో ఆయనకు పూసిన నూనెను యెరూషలేము ఒలీవల కొండ మీది తోటల పళ్ళతో చేసి, అక్కడి చర్చిలో ప్రతిష్ఠించి తెచ్చారు. పాత నూనెల్లో పునుగు, తిమింగలం నుంచి వచ్చే అంబరు ఉండేవి. ఈసారి జంతు పదార్థాలు మానేశారు. పన్నెండో శతాబ్దపు చెంచాలోకి నూనె వంచి, చేతులకు, గుండెకు, తలకు పూశారు. ప్రపంచమంతా టీవీల్లో చూస్తున్న ఆ వేడుకలో ఆ ఒక్క ఘట్టాన్నే తెరలు కట్టి దాచారు. 1953లో ఆయన తల్లికి పూసినప్పుడు కూడా కెమెరాలకు చూపించలేదు. తెలుగు పత్రికలు 'పట్టాభిషేకం' అనే రాశాయి. అక్కడ నుదుటికి పట్టం కట్టలేదు, నెత్తిన నీళ్ళు పోయలేదు. అయినా తప్పు పట్టడానికి లేదు, రాజయ్యాడా లేదా అన్నదే మనకు ఆ మాట చెప్పే సంగతి.

ఇక మన వీధుల్లో అభిషేకం ఎటు పోయిందో అందరికీ తెలుసు. సినిమా విడుదల రోజున కటౌట్ మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కి పాల ప్యాకెట్లు చింపుతారు. జీవో వస్తే ఉద్యోగ సంఘాలు ముఖ్యమంత్రి ఫ్లెక్సీకి పాలాభిషేకం చేస్తాయి. విగ్రహానికి చేసేది బొమ్మకు చేయడం మీద నాకేమీ భక్తి లేదు, ముఖ్యంగా ఆ పాలు చూస్తే. కానీ మాట వాడుకలో మాత్రం తప్పేమీ లేదు. పోస్తున్నారు, మీదే పోస్తున్నారు. ఘనపదార్థం పోసినా అభిషేకమే అని మనవాళ్ళు ఆరు వందల ఏళ్ళ కిందటే ఒప్పుకున్నారు. శ్రీనాథుడికి ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో జరిగిన కనకాభిషేకం బంగారు నాణేలతో. దాన్ని ఆయన తన సీసపద్యంలో దీనారటంకాలతో తీర్థమాడడంగా చెప్పుకున్నాడు. బంగారం పోసినా ఆయనకు స్నానమే గుర్తొచ్చింది.

ఈలోపు తలంటు మాత్రం చిక్కిపోయింది. నరక చతుర్దశి నాడు నూనెలో లక్ష్మి, నీళ్ళలో గంగ ఉంటారని పెద్దలు చెప్పే మాటలో రెండింటికీ చోటుంది. అంటడం అంటే నూనె, ఆ తర్వాతే కుంకుడురసం, వేడినీళ్ళు. ఇప్పుడు తలంటుకున్నావా అని అడిగితే షాంపూతో తలకు పోసుకున్నావా అనే. పోసుకోవడం, అంటుకోవడం రెండూ ఒకటైపోయాయి. నూనె మాట వదిలేసి నీళ్ళ మాట అయింది తలంటు, నీళ్ళ మాట అయిన అభిషేకం చర్చిలో నూనె అందుకుంది. పేపర్లో అయితే రెండూ లేవు. "సమీక్షలో అధికారులకు తలంటిన మంత్రి" అని వార్త వస్తే, చివాట్లు పెట్టాడని అర్థం.